ఫ్రేముకి ఎడమ పక్క

క్లిప్పు ల్యాప్‌టాప్ తెరమీదికి రాగానే కెమెరా అసిస్టెంటు సత్యానందం చేసిన మొదటి పని, లేచి వెళ్ళి గది తలుపు గడియ పెట్టుకోవడం.

రెండో పని, తిరిగొచ్చి కూర్చుని అదే క్లిప్పు మొదటినుంచి చూడడం.

కళ్ళు పొరబడలేదు. పన్నెండో సెకనులో, ఫ్రేముకి ఎడమ అంచున, ఇసుకమేట కొసన, ప్రొడక్షన్ మేనేజరు సాయిబాబు నిలబడి ఉన్నాడు. వీపు కెమెరా వైపు ఉంది. చేతిలో ఎర్ర తువ్వాలు. దాన్ని తలపైకెత్తి ఊపాడు. ఒకసారి కాదు, ఐదుసార్లు.

నిన్న సాయంత్రం ఇదే సాయిబాబు స్టేషన్‌లో ఎస్సై ఎదురుగా కూర్చుని, "తువ్వాలా? నేను చెయ్యే ఎత్తలేదు సార్. వాడు కల్లు తాగి తనంతట తనే తాడు విప్పేశాడు" అన్నాడు.

ఆ 'వాడు' పెదబాబు. వైనతేయ నది మీద ఇరవై రెండేళ్ళుగా పంటు నడుపుతున్న మనిషి. రెండు నావలు కలిపి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీదే ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ వెళ్ళారు. ఇప్పుడతను స్టేషన్ వరండాలో గోడకి చేరగిలబడి ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి కోర్టుకు తీసుకెళతారు. తాగి మనిషిని చంపాడని రాస్తే ఇప్పట్లో బయటికి రాడు.

చచ్చిపోయింది లైట్‌మాన్ సాలమోను. రామచంద్రపురం మనిషి. నిన్న పొద్దున్న తొమ్మిదింటికి సత్యానందంతో పాటు ఇడ్లీ తిన్నాడు. పదింటికి నీళ్ళలో పడ్డాడు. పదకొండున్నరకి పైకి తీశారు.

2009 ఫిబ్రవరి. రాజోలు దగ్గర షూటింగు మొదలై పదోరోజు. నిన్నటి షాటు చెప్పుకోవడానికి చాలా తేలిక. రేవులో కట్టేసిన పంటు మీద హీరో జీపు ఉంటుంది. నది మధ్య ఇసుకమేట మీద కెమెరా ఉంటుంది. మేటకీ రేవుకీ మధ్య నూట యాభై గజాలు. మేట మీంచి విజిల్ వేయగానే పెదబాబు గుంజకు కట్టిన మోకు విప్పి పంటు వదలాలి. జీపు పంటుమీద తేలుతూ కెమెరా వైపు రావాలి.

విజిల్ వేయకముందే మోకు ఊడింది. పాటు నీళ్ళు సముద్రంలోకి లాగే వేళ కావడంతో పంటు ఒక్క ఊపున రేవు వదిలేసింది. రేవుకీ పంటుకీ మధ్య వేసిన నడకబల్ల జారింది. అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు అట్ట పట్టుకుని అప్పుడే ఆ బల్ల దాటుతున్న సాలమోను పంటు కిందికి పోయాడు. మోకు దగ్గర నిలబడ్డ పెదబాబుకి జీపు అడ్డం. వెనక బల్లమీద మనిషున్నట్టు అతనికి తెలియనే తెలియదు.

మేట మీదున్న సాయిబాబుకి తెలిసింది. రిఫ్లెక్టరు ఎండకి తళుక్కుమంది. ఇంకా మనిషి బల్లమీదే ఉన్నాడని చూశాడు. తువ్వాలు ఊపాడు. ఇప్పుడు లేదంటున్నాడు.

మేట మీద మిగతావాళ్ళందరి కళ్ళూ పంటుమీదే ఉన్నాయి, ఆ ఊపు ఎవరి కంటా పడలేదు. అసలు కెమెరాకి కూడా కనబడకూడదు. సత్యానందం చేసిన ఒక తప్పు వల్ల కనబడింది.

ఫిల్ము కెమెరాలైతే ఈ బాధే లేదు. ఇది కొత్తగా వచ్చిన డిజిటల్ కెమెరా. ఫిల్ము ఉండాల్సిన చోట సెన్సర్ అనే చిన్న బిళ్ళ కూర్చుని ఉంటుంది. ఫోర్-కె పెడితే బిళ్ళ మొత్తం చూస్తుంది. స్లో మోషన్ కోసం సెకనుకి వంద ఫ్రేములు తియ్యమంటే దానికి బిళ్ళంతా చదివే ఓపిక ఉండదు. అప్పుడు టు-కె పెట్టాలి. టు-కెలో నడిమధ్య ముక్కే చదివి, చుట్టూ ఉన్నది వదిలేస్తుంది. అమలాపురం స్టూడియోలో పెళ్ళి వీడియోలు తీసే రోజుల్లో సత్యానందం గ్రూపు ఫోటోలోంచి చుట్టాలందర్నీ కత్తిరించి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ మిగిల్చేవాడు. టు-కె కూడా అలాంటిదే.

నిన్నటి షాటు టు-కెలో, వంద ఫ్రేములతో తియ్యాలని కెమెరామాన్ గారి ఆర్డరు. పొద్దున్నే ఆయన స్వయంగా ఫ్రేము పెట్టి, రెండో కెమెరా హీరో మొహం మీద పెట్టుకుని పంటుమీది జీపులో కూర్చున్నారు. ఆ ఫ్రేములో పంటూ నీళ్ళూ తప్ప ఏమీ లేవు. సాయిబాబు నిలబడ్డ చోటు కత్తిరించేసిన ముక్కలోకి వస్తుంది. అందుకే నిశ్చింతగా నిలబడ్డాడు.

టేకుకి రెండు నిమిషాల ముందు ఎండకి కెమెరా బిగుసుకుపోయింది. సత్యానందం బ్యాటరీ పీకి మళ్ళీ పెట్టాడు. అది లేచింది, కానీ దాని అలవాటు ప్రకారం ఫోర్-కెలో లేచింది. వాకీటాకీలో "రోల్! రోల్!" అని కేకలు. తెరమీద ఎండ పడి ఏమీ కనబడలేదు. చూసుకోకుండా మీట నొక్కేశాడు. తరవాత రిపోర్టు కాగితంలో అలవాటుగా 'టు-కె, వంద' అని రాసేశాడు.

ఇంత తప్పు చేసిన అసిస్టెంటుని ఎవరూ మళ్ళీ కెమెరా ముట్టుకోనివ్వరు.

తలుపు తట్టారు. సత్యానందం ల్యాప్‌టాప్ మూత దించి గడియ తీశాడు.

పోలమ్మ, పెదబాబు భార్య. ఎండలో నడిచొచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"లోపలికి రా వదినా."

"రాను తమ్ముడూ. స్టేషన్‌కెళ్ళాలి. ఒక్క మాట అడిగెళ్దామని." గడప బయటే నిలబడింది. "నిన్న పొద్దున్న ఆయనతో మాట్లాడింది నువ్వే కదా?"

"ఆయ్."

"మీ అన్న అంటున్నారు, 'తువ్వాలు ఊపుతారని సత్యానందం చెప్పేడు, ఊపేరు, నేను మోకొదిలేను, అంతే' అంటున్నారు. ఎస్సైగారేమో నవ్వుతున్నారు. నువ్వు చెప్పేవన్న సంగతి నువ్వొచ్చి చెబితే నమ్ముతారేమో."

సత్యానందం ఆమె కళ్ళలోకి చూడకుండా అడిగాడు. "అన్న... తాగి ఉన్నాడా నిన్న?"

"ఒక ముంత తాగేరు. రోజూ తాగేదే. ఆ ముంతతోనే మీ అమ్మని పురిటికి దాటించేరు, నువ్వు పుట్టేవు. అప్పుడెవరూ వాసన చూడలేదు." కోపం లేకుండానే అంది. "మూడింటికల్లా రా తమ్ముడూ. నాలుగింటికి తీసుకుపోతారంట."

ఆమె వెళ్ళిపోయాక సత్యానందం తలుపు చేరవేసి, మూసిన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

నిన్న పొద్దున్న రేవులో సాయిబాబు అతన్ని పిలిచాడు. "సత్యం, నువ్వీ ఊరివాడివి కదా, ఆ పంటువాడికి అర్థమయ్యేలా చెప్పు. విజిల్ వేస్తే వదలాలి. తువ్వాలు ఊపితే ఆపాలి."

సత్యానందం పరుగున వెళ్ళాడు. కెమెరా మేట మీదికి చేర్చే నావ కదిలిపోతోంది. ఒక కాలు గట్టుమీదా ఒక కాలు నావలోనూ పెట్టి కేకేశాడు. "పెదబాబన్నా! విజిల్ వేస్తారు, తువ్వాలు ఊపుతారు, చూసుకో!"

"గాలికి విజిలెక్కడ వినపడుద్ది తమ్ముడూ, తువ్వాలే చూస్తాను!"

"సరే!"

ఆ 'సరే' అన్నది తనే.

వైనతేయ ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అవతలి ఒడ్డున నిలబడి ఎవరైనా తువ్వాలు ఊపుతున్నారంటే ఒకటే అర్థం. ఇక్కడ మనుషులున్నారు, పంటు వదిలి రా అని. ఇరవై రెండేళ్ళుగా ఆ తువ్వాలు చూసే పెదబాబు మోకు విప్పుతున్నాడు. నిన్న కూడా అలాగే విప్పాడు. 'ఆపాలి' అన్న ఒక్క మాట సత్యానందం నోటిదాకా వచ్చి రాలేదు. అసలు వచ్చిందో లేదో కూడా అతనికిప్పుడు గుర్తులేదు.

ఈ క్లిప్పు బయటపడితే పెదబాబు బతుకుతాడు. వెంటనే వచ్చే ప్రశ్న, 'ఆపమని అతనికి ఎవరు చెప్పాలి?'

మళ్ళీ తలుపు. ఈసారి తట్టలేదు, నెట్టారు.

"ఏం సత్యం, ఏంటి చీకట్లో కూర్చున్నావ్? కిటికీ తియ్." సాయిబాబు లోపలికొచ్చి మంచంమీద కూలబడ్డాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. "ఎస్సైగారు మేట మీది కెమెరాలో పడింది చూస్తానంటున్నారు. మూడింటికి సీడీ ఇవ్వాలి. కెమెరామాన్ గారిని అడిగాను, పంటు ఒక్కటే ఉంటుందిలే, టు-కె కదా అన్నారు. చెయ్యి."

"సరేనండీ."

"నేను కూడా ఒకసారి చూస్తాను."

"తెరుచుకోవడానికి టైం పడుతుందండీ, పెద్ద ఫైలు..."

సాయిబాబు అతని మొహంకేసి చూశాడు. ముప్పై ఏళ్ళు సినిమావాళ్ళ అబద్ధాలు విన్న మనిషి. లేచి వచ్చి ల్యాప్‌టాప్ మూత ఎత్తాడు.

తెరమీద ఫ్రేము ఆగిపోయి ఉంది. ఎడమ అంచున తన వీపు, తన తువ్వాలు.

సాయిబాబు తెరమీదికి వంగాడు.

"ఇది... ఇంత వెడల్పుగా ఎలా వచ్చింది?"

సత్యానందం చెప్పాడు. కెమెరా బిగుసుకుపోవడం, ఫోర్-కె, రిపోర్టులో తప్పు రాయడం, అన్నీ. ఒక్క 'సరే' సంగతి తప్ప.

సాయిబాబు కేకలేస్తాడనుకున్నాడు. వెయ్యలేదు. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"నేనాపమనే ఊపాను సత్యం. దేవుడి మీద ఒట్టు. సాలమోను బల్లమీద కనబడ్డాడు, ఆపు ఆపు అని ఊపాను. వాడు చూసి మరీ వదిలాడు. తాగాడు కాబట్టే కదా? ఇప్పుడు ఊపానని ఒప్పుకుంటే ఏమడుగుతారు? పంటువాడికి వాకీటాకీ ఎందుకివ్వలేదు, లైఫ్ జాకెట్లేవి, నడకబల్లకి మనిషేడి. షూటింగ్ ఆగిపోతుంది. నూట ఇరవై మంది ఇళ్ళకి పోతారు." ఆగాడు. "నేను అబద్ధం చెప్పమనట్లేదు. మనం అనుకున్న ఫ్రేము ఏది? టు-కె. నీ రిపోర్టులో ఉన్నది? టు-కె. ఆ ఫ్రేముకి కత్తిరించి ఇవ్వు. అంతే. నువ్వు కెమెరాతో చెయ్యాల్సిన పని ఇప్పుడు కంప్యూటర్‌తో చేస్తున్నావ్. ఎవడూ ఏమీ మార్చలేదు."

సాయిబాబు కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"వచ్చే సినిమాకి కెమెరామాన్ గారు ఫస్ట్ అసిస్టెంటుగా నీ పేరు చెప్పారు, తెలుసా? ఈ ఫోర్-కె సంగతి మన ఇద్దరి మధ్యే ఉంటుంది."

సత్యానందం మౌస్ పట్టుకున్నాడు.

నాలుగు గీతలు లాగాడు. ఎడమ, కుడి, పైన, కింద. మధ్యలో ముక్క మిగిలింది. సాయిబాబు మాయమయ్యాడు. పచ్చటి గీత ఒక్కో శాతం నిండుతూ పోయింది. ఇరవై. నలభై. ఇద్దరూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. నూరు అయ్యాక వేసి చూస్తే, కెమెరామాన్ గారు పొద్దున్న పెట్టిన ఫ్రేము అచ్చంగా అదే. పంటు, నీళ్ళు, జీపు. పెదబాబు మేట వైపు చూసి, వంగి, మోకు విప్పడం. ఎవరూ సైగ చెయ్యలేదు. తాగినవాడు తనంతట తనే చేసిన పని.

సీడీ సాయిబాబు జేబులోకి వెళ్ళింది. "నువ్వూ రా. టెక్నికల్‌గా ఏదైనా అడిగితే చెప్పాలి. ల్యాప్‌టాప్ తీసుకురా, వాళ్ళ కంప్యూటరు ఆడుతుందో లేదో."

మూడూ పదికి స్టేషన్‌లో ఉన్నారు.

వరండాలో పోలమ్మ సత్యానందాన్ని చూడగానే లేచి నిలబడింది. పెదబాబు చెయ్యెత్తాడు. "వచ్చేవా తమ్ముడూ. చెప్పేను కదే, వస్తాడని."

స్టేషన్ కంప్యూటరు ఆడింది. ఎస్సై కుర్చీ వెనక్కి వాల్చి సీడీ చూశాడు. తరవాత కానిస్టేబుల్‌తో పెదబాబుని లోపలికి పిలిపించాడు.

"చూడరా. సినిమాలో పడ్డావు. ఎక్కడున్నాడు నీ తువ్వాలు మనిషి?"

పెదబాబు వంగి, కళ్ళు చికిలించి తెరని చూశాడు. తన బొమ్మ తానే చూసుకోవడం అతనికదే మొదటిసారి. పంటు రేవు వదిలేదాకా కదలకుండా చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. ఎస్సై నవ్వి మళ్ళీ వేయించాడు.

"ఇక్కడండీ."

పెదబాబు చెయ్యి చాపాడు. తెరమీదికి కాదు. తెరకి ఎడమ పక్క, జానెడు దూరంలో, గోడకి వేలాడుతున్న క్యాలెండరు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడండీ ఆయన నిలబడింది. ఈ మేట ఇలా సాగుద్దండీ, ఇదిగో ఇంతవరకూ. దీని కొసన. ఎర్ర తువ్వాలండీ. ఇలా."

క్యాలెండరు ముందు చెయ్యి ఊపి చూపించాడు. ఐదుసార్లు.

కానిస్టేబుళ్ళు పడీపడీ నవ్వారు. "ఏరా, క్యాలెండర్లో కూడా కనబడుతున్నారేంటి మనుషులు? ఇంకా దిగలేదా?"

"ఆయ్, కనబడుతున్నారండీ," అన్నాడు పెదబాబు, ఆ నవ్వు ఎందుకో అర్థంకాక.

సత్యానందం నవ్వలేదు. ఆ వేలు పెట్టిన చోటుకేసే చూస్తున్నాడు. బొమ్మని ఎడమకి అంతే పెంచితే, సాయిబాబు సరిగ్గా అక్కడే వస్తాడు. వేలెడు కూడా తేడా లేదు. గంట కిందట తను గీత లాగి పడేసిన ముక్కని పెదబాబు గోడమీద పెట్టి చూపిస్తున్నాడు.

"సార్," అన్నాడు సత్యానందం.

సాయిబాబు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "సత్యం, పద, మనకి షూటింగుంది..."

"సార్, అది కత్తిరించిన బొమ్మండీ. మొత్తం బొమ్మ నా దగ్గరుంది."

ఎస్సై కుర్చీ ముందుకి వచ్చింది.

ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టి తెరిచాడు. ఫోర్-కె బొమ్మ దాని శక్తికి మించిన బరువు. ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా కదిలింది. మేట. నీళ్ళు. పంటు. పన్నెండో సెకను. ఎర్ర తువ్వాలు లేచింది. ఆగింది. ఇంకొంచెం లేచింది. ఆగింది. ఎడమకి. కుడికి. నిజానికి రెండు సెకన్లలో అయిపోయిన ఆ ఊపుని ఇప్పుడు గదిలో ఉన్నవాళ్ళంతా నిమిషంసేపు చూశారు.

ఎస్సై సాయిబాబు వైపు తిరిగాడు. "చెయ్యే ఎత్తలేదన్నారు?"

"ఆపమని సార్! ఆపమనే ఊపాను!"

"రమ్మని కదండీ?" పెదబాబు తెల్లబోయాడు. "అవతలినించి తువ్వాలు ఊపితే రమ్మనే కదండీ? ఆపమనడమేంటండీ?"

ఎస్సైది గోదావరి జిల్లా కాదు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒరేయ్, ఒక తువ్వాలు, రెండు అర్థాలా? ముందు మాట్లాడుకోలేదా మీరు?"

"చెప్పి పంపించాను సార్!" సాయిబాబుకి ఊపిరాడింది. దారి దొరికింది. "విజిల్ వేస్తే వదలాలి, తువ్వాలు ఊపితే ఆపాలి అని స్పష్టంగా చెప్పి మనిషిని పంపించాను!"

"ఎవర్ని?"

సాయిబాబు చెయ్యి లేచేలోపే సత్యానందం చెప్పాడు.

"నన్నండీ."

"నువ్వేం చెప్పావ్?"

"విజిల్ వేస్తారు, తువ్వాలు ఊపుతారు, చూసుకో అన్నానండీ."

"ఆపమని?"

ద్వారం దగ్గర పోలమ్మ నిలబడి ఉంది. పెదబాబు కూడా అతనివైపే చూస్తున్నాడు, జవాబు తనకి ముందే తెలిసినట్టు, తమ్ముడు ఆ ముక్క కూడా చెప్పే ఉంటాడు, గాలికి తనకే వినపడి ఉండదు అన్నట్టు.

"లేదండీ. ఆ మాట అనలేదు. తువ్వాలే చూస్తానన్నాడండీ అన్న. నేను సరే అన్నాను."

ఎస్సై కలం తీసి కొత్త కాగితం తెచ్చుకున్నాడు. "కూర్చో."

రాతకి గంట పట్టింది. నాలుగింటికి రావాల్సిన పోలీసు జీపు వచ్చింది. డ్రైవరు లోపలికి తొంగిచూసి, ఎస్సై తల అడ్డంగా ఊపితే వెనక్కి వెళ్ళిపోయాడు. సాయిబాబు ఫోన్‌లో ఎవరెవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "కెమెరా అసిస్టెంటు తప్పు సార్... అవును సార్, ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు." సత్యానందం వైపు మళ్ళీ చూడలేదు.

పెదబాబు చేత వేలిముద్ర వేయించి, పిలిస్తే రావాలని చెప్పి పంపించేశారు. భుజంమీద కండువా సర్దుకుని అతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. పోలమ్మ పద పద అంటోంది.

"తమ్ముడూ."

సత్యానందం తలెత్తాడు.

"ఆపమని ఒక్క ముక్క అనుంటే ఆపేవాణ్ణి కదా." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఎందుకనలేదు?"

సత్యానందం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పోలమ్మ మళ్ళీ పిలిస్తే పెదబాబు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎస్సై రాసిన కాగితాలు సర్దుకుంటూ, "సాలమోను వాళ్ళింటినుంచి మనుషులొస్తున్నారు. వాళ్ళకీ చూపించాలి. ఆ పెద్ద బొమ్మ మళ్ళీ వెయ్," అన్నాడు.

వేశాడు. బొమ్మ ఆగి ఆగి కదిలింది. మేట. నీళ్ళు. ఎడమ పక్క తువ్వాలు లేస్తోంది. ఈసారి సత్యానందం అటు చూడలేదు. నడిమధ్య, పంటు వెనక, ఎండకి ఏదో మెరిసింది. ఏ గీత లాగినా పోని చోట, సాలమోను రిఫ్లెక్టరు ఎత్తిపట్టుకుని బల్లమీద సగం దూరం వచ్చి ఉన్నాడు.

అక్కడ బొమ్మ ఆగిపోయింది. సత్యానందం దాన్ని ముందుకి కదపలేదు.